సున్నపురాతి కొమ్ము

సికింద్రాబాదులో పెరిగిన పిల్లలకు రాయి అంటే గ్రానైటే. కార్ఖానా ప్రాంతం దాటి కంటోన్మెంటు అంచులకు పోతే, ఇళ్ల నడుమ ఇంకా మిగిలి ఉన్న పెద్ద పెద్ద గుండ్లు కనబడతాయి. వాటి ఏ అంచుకు తాడు బిగించినా, ఏ పగులులో వేళ్లు దూర్చినా ఆ రాయి మోసం చేయదు. జోయా వాటి మీదే ఎక్కడం నేర్చుకుంది. నేర్పింది మేనత్త ఎలీనా. మెట్టుగూడలోని ఒక బడిలో లెక్కలు చెప్పే ఎలీనా, ఆదివారం ఆరాధన ముగియగానే చర్చి చీర మడిచిపెట్టి, బూట్లు తొడుక్కుని గుండ్ల దారి పట్టేది. యాభై దాటిన ఆ మనిషి రాతి మీద అడుగు వేస్తే, దాన్ని మళ్లీ వెనక్కి తీసుకోవలసిన అవసరం రావడం జోయా ఎన్నడూ చూడలేదు.

వాళ్ల చిన్న బృందానికి ఎలీనా పెట్టిన కట్టుబాటు ఒకటి ఉండేది. తాడు ఎవరు కడతారో, దాని మీద మొదట వాళ్లే వేలాడాలి. "ప్రయోగాలు పరాయి ప్రాణం మీద వద్దు" అనేది.

నల్లమల అంచున, సున్నపురాతి గుట్టలో ఉన్న ఆ గుహకు ముగ్గురూ పటం గీయడానికి వెళ్లారు. మూడోవాడు తిరుమల్. ఎలీనా దగ్గర ఒకప్పుడు లెక్కలు నేర్చుకుని, ఇప్పుడు బోయిన్‌పల్లి మార్కెట్లో తండ్రి ఉల్లిగడ్డల వ్యాపారం చూసుకుంటున్నాడు. గుహలో కొంత దూరం పాకాక నేల తెగి, బావిలాంటి లోతైన గొయ్యి ఎదురైంది. ఆ అంచుకు దగ్గర్లోనే, నేలలోంచి మొలిచినట్టు, తొడంత లావు రాతి కొమ్ము నిలబడి ఉంది.

"టీచర్, గీ కొమ్ము జూడుండ్రి. ఏనుగును కట్టినా కదలదు" అన్నాడు తిరుమల్.

"ఏనుగెందుకు, నిన్ను కడితే సరిపోదూ" అంది జోయా. కొమ్మును కాలితో తన్ని చూసింది. అది చలించలేదు. గుండ్ల మీద పెరిగిన కళ్లకు అంతకు మించిన సాక్ష్యం అక్కరలేకపోయింది. తాడు చుట్టి, ముడి బిగించి, కట్టుబాటు ప్రకారం తనే ముందు దిగింది.

కింద నేల ఇంక నిలువెత్తు దూరంలో ఉందనగా తాడు ఒక్కసారిగా వదులైంది. జోయా మెత్తటి ఒండ్రులో వెల్లకిలా పడింది. మరుక్షణం ఆమె తలకు బారెడు దూరంలో కొమ్ము వచ్చి కూలింది. దాని వెంట, ఉంగరాలు ఉంగరాలుగా, తాడంతా దిగివచ్చింది.

"జోయా!"

"బతికే ఉన్నా అత్తా! ఏమీ విరగలేదు."

గోడలు తడిగా, నున్నగా, సగం ఎత్తులో ముందుకు వంగి ఉన్నాయి. వాటిని ఎక్కడం ఎవరి తరమూ కాదు. తెచ్చిన తాడు కిందే ఉంది. రెండో తాడు అడవి బయట, జీపులో ఉంది.

"నేను ఉరికి తెస్త టీచర్" అన్నాడు తిరుమల్. గొంతులో పరేషాను దాగలేదు. "జెర ప్రార్థన చెయ్యుండ్రి, గంతట్ల వస్త."

"ప్రార్థన చేస్తూనే ఉన్నాను. నువ్వు కదలకు. ఇక్కడ రెండు చేతులు చాలవు."

పటం కోసం తెచ్చిన కొలతల టేపు ఎలీనా చేతిలోనే ఉంది. దాని కొసకు ఒక రాయి కట్టి కిందికి వదిలింది. జోయా ఆ కొసకు తాడు ముడివేసింది. తాడు పాకుతూ పైకి పోతుంటే జోయాకు పెద్ద ఊరట కలిగింది. కాని అత్త వెంటనే దాన్ని మరో రాతికి కట్టలేదు.

"ఆ కొమ్ము నీ పక్కనే ఉందా? విరిగిన చోటు లైటు పెట్టి చూడు. ఏముంది?"

జోయాకు మొదట చిరాకు వేసింది. అయినా దాన్ని దొర్లించి చూసింది. "పైనంతా తెల్లగా, గట్టిగా ఉంది అత్తా. అడుగున..." ఆగిపోయింది. "అడుగున రాయే లేదు. ఎర్రటి బంకమన్ను. తడిగా ఉంది."

"అదీ సంగతి" అంది ఎలీనా, పిల్లవాడు లెక్కలో తప్పు చేసిన మెట్టును పట్టుకున్నప్పటి స్వరంతో.

ఏనాడో ఒక వరద ఆ గుహలో మన్ను పరిచి పోయింది. ఆ మన్ను మీద కప్పు నుంచి సున్నపునీరు బొట్టుబొట్టుగా రాలి, గడ్డకట్టి, కొమ్ముగా పెరిగింది. చూపుకు నేలతో ఏకమైనట్టే ఉన్నా, అది నిలబడింది బురద మీద. కాబట్టి ఆ అంచున నేల నుంచి లేచినది ఏదీ నమ్మదగినది కాదు. గుహ గోడలో గోడై ఉన్నదే కావాలి. ఎలీనా గోడ వెంట పాకుతూ రాయితో కొట్టి, చెవి ఆనించి విన్నది. డొల్లగా పలికిన చోటల్లా వదిలేసింది. చివరికి నీళ్లు గోడను తొలిచి చేసిన కన్నం ఒకటి దొరికింది. ఇటునుంచి చేయి దూర్చితే అటువైపు వేళ్లు బయటికొచ్చాయి. తాడును అందులోంచి పోనిచ్చి కట్టింది. అలాంటిదే మరొకటి వెతికి, తాడును దానికీ బిగించింది. ఒక కన్నం విరిగినా రెండోది ఆపాలి. అప్పుడు ఇద్దరూ కలిసి బలంకొద్దీ లాగారు.

"అయిపాయె టీచర్, ఇగ రమ్మనుండ్రి."

"ఇంకా కాలేదు. మనం లాగింది అడ్డంగా. పిల్ల బరువు పడేది నిలువుగా. జోయా, గోడ పక్కకు జరుగు!"

"ఏందీ, మీరు వేలాడుతరా? గదైతే నేను జేస్త. నా బరువెక్కువ."

"కట్టింది నేను."

జోయా తల పైకెత్తింది. గొయ్యి అంచు మీద వెలుగులో రెండు బూట్ల అడుగుభాగాలు కనిపించాయి. తరవాత మోకాళ్లు, తరవాత మనిషి మొత్తం, కింద ఏ ఆధారమూ లేని గాలిలోకి వచ్చి ఆగింది. ఎలీనా తొందరపడలేదు. ఒళ్లు ఊపింది, ఆగింది, మళ్లీ ఊపింది. తాడు కిర్రుమంది. పైనుంచి గులకరాయి కూడా రాలలేదు. అంతవరకు జోయా చూసిన సాహసాలన్నీ పైకి పోవాలనే ఉత్సాహంతో చేసినవి. ఇది వేరు. భయపడవలసిన కారణాలన్నీ తెలిసి, వాటిని ఒక్కొక్కటిగా తీసేసి, మిగిలిన కాస్తా తన ఒంటి మీద వేసుకున్న ధైర్యం.

ఎలీనా పైకెక్కి కేకేసింది. "రా తల్లీ."

జోయా నడుముకు వేలాడుతున్న, తాడును కరిచి పట్టే ఇనుప పట్లు రెండింటినీ తాడుకు బిగించింది. నేల వదలడానికి కాళ్లు ఒప్పుకోలేదు. ఇందాక ఒండ్రులో పడ్డ వీపు ఆ దెబ్బను మరవలేదు. కళ్లు మూసుకుని, అత్త ఊగిన ఊపును తలుచుకుని, బరువంతా తాడుకు అప్పగించింది. తాడు కొద్దిగా సాగి, నిలిచింది. ఒక పట్టు పైకి జరిపి, దాని కాలి ఉచ్చులో నిలబడి, రెండోది జరిపింది. గోడ వంగిన చోట మోచేతులు దోక్కుపోయాయి. అంచు దగ్గర తిరుమల్ చేయి ఆమె బెల్టు అందుకుని మూటను లాగినట్టు పైకి లాగింది.

"ఉల్లిగడ్డ బస్తా నీకంటే నయమే" అన్నాడు. కాని కళ్లు తుడుచుకున్నాడు.

ఎలీనా కౌగిలించుకోలేదు. మేనకోడలి మెడ, భుజాలు, మణికట్లు, చీలమండలు వరసగా తడిమి చూసింది. ఎక్కడా నొప్పి లేదని నమ్మకం కలిగాక, గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని కూలబడింది.

"అత్తా," అంది జోయా, కొంచెం జంకుతూ. "కింద మూలన సందు ఒకటి ఉంది. అందులోంచి చల్లటి గాలి కొడుతోంది. అవతల గుహ ఇంకా ఉన్నట్టుంది."

"అయ్యో దేవుడా!" అన్నాడు తిరుమల్.

ఎలీనా కళ్లు తెరిచింది. పక్కన పడి ఉన్న కొలతల టేపును దగ్గరికి లాక్కుని, బురద తుడవసాగింది.

"మనిషి పట్టేంత ఉందా?"