జేబులో ఎడమ చెయ్యి

నాకున్న భయాల్లో అన్నిటికంటే పెద్దది ఇది: మా మామయ్య పనిగదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన ఎడమ చెయ్యి జేబులోంచి బయటికి వస్తుందని.

ఆయన పాత ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు బాగుచేస్తారు. ఒక్కోటి మనిషెత్తు ఉంటుంది. కింద మామూలు వూఫర్ బరువైన శబ్దాల సంగతి చూసుకుంటుంది. పైన మాత్రం రెండు చిల్లుల రేకుల మధ్య ఉల్లిపొర కంటే పలచని ప్లాస్టిక్ ఫిల్మ్. కదిలేదీ పాడేదీ అదే. దానికి వేల వోల్టులు ఎక్కించాలి. ప్లగ్గు పీకేసినా ఆ కరెంటు కాసేపు లోపలే మాటు వేసుకుని కూర్చుంటుంది. రెండు చేతులూ తగిలాయంటే గుండె మీదుగా పోతుంది. అందుకే ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచేయాలి. పదో తరగతి మధ్యలో బడి మానేసి, పెళ్ళై వచ్చిన నాకు ఆయన చెప్పిన మొదటి పాఠం అది. ఇప్పుడు ఆయనే మరిచిపోతున్నారు.

మొన్న ఒక సంగీతం టీచరుగారి స్పీకర్ల జత బాగుకి వచ్చింది. ఒకటి పాడుతోంది, రెండోది మూగబోయింది. ఫిల్మ్ మార్చాలి. మామయ్య చేతులు వణికి, లాగినప్పుడల్లా ముడతలు పడ్డాయి.

“ఈయనకి దుప్పటి మడతపెట్టడమే రాదు,” అంది అత్తయ్య, మా చంటాణ్ణి చంకనేసుకుని గుమ్మం అవతల నిలబడి.

“నువ్వు మడతపెట్టిన దుప్పట్లో ఎలకలు కాపురం పెట్టాయి,” అని మామయ్య నావైపు తిరిగారు. “అమ్మాయ్, నువ్వు పట్టు.”

ఊపిరి బిగబట్టి నాలుగు వైపులా సమంగా లాగి అంటించాను. హెయిర్ డ్రయర్ వేడి తగలగానే ముడతలు వాటంతటవే విప్పుకున్నాయి. కరెంటు పాకే పూతని దూదితో పలచగా రుద్ది, రేకులు బిగించి, స్విచ్ వేశాం. టిక్. టిక్.

“పూత అంచు దాటింది. కరెంటు కారిపోతోంది,” అన్నారాయన, చూడకుండానే.

ఆపి, లోపల మిగిలిన కరెంటు దింపేసి, మళ్ళీ విప్పి అంచంతా తుడిచాను. ఈసారి టిక్కు లేదు. పాట పెట్టాను. పల్లవి ఎత్తుకునే ముందు ఆ గాయని తీసుకున్న ఊపిరి కూడా గదిలో వినిపించింది. చంటాడు ఆమె కోసం స్పీకరు వెనక వెతకబోతే అత్తయ్య గట్టిగా పట్టుకుంది. నా ఒళ్ళు గర్వంతో పులకరించింది.

మామయ్య సంతోషం పట్టలేక, ఇంకా మూత పెట్టని వెనక భాగం మీదికి రెండు చేతులూ చాచారు.

“మామయ్యా, జేబు,” అన్నాను మెల్లగా. అరిస్తే ఉలిక్కిపడి తగిలిస్తారు.

ఆగిపోయారు. ఆ చేతిని వేరేవాళ్ళదిలా చూసుకుని జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రం టీచరుగారు వచ్చి విని, ఆయనకి దండం పెట్టబోయారు. “నాకెందుకు? మా కోడలు చేసింది,” అన్నారు మామయ్య. “నేను జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డానంతే.”

ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఆయన లాల్చీలన్నిటికీ ఎడమ జేబు లోతుగా కుట్టాను. చెయ్యి అక్కడే ఉండాలని అత్తయ్య అందులో బిస్కెట్లు వేస్తోంది. కానీ చంటాడు వాటిని కనిపెట్టేశాడు. పని మానమని ఆయనకి చెప్పలేను. మానితే ఆయన ఆయనలా ఉండరు.

మధ్యాహ్నం నేను పిల్లాణ్ణి నిద్రపుచ్చడానికి పైకి వెళ్తాను. ఆ వేళ మా వీధిలోంచి వెళ్తే ఒక్కసారి కిటికీలోంచి ఆయన్ని చూడండి. వెనకనుంచి పిలవకండి. ఎదురుగా కనబడండి. ఎడమ చెయ్యి బయట ఉంటే, “జేబు” అనండి. చాలు.