సగం పోటీకి సరిపోయే టాంకు

ఉదయం ఆరున్నరకు సీట్ల మేస్త్రి స్టీరింగు కుడికి తిప్పాడు. ముందు చక్రాలు ఎడమకు తిరిగాయి.

అతను చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ పట్టుకుని ఎడమకు తిప్పాడు. చక్రాలు కుడికి తిరిగాయి. బానెట్ లేని కారు ముందు గొంతుక్కూర్చుని చూస్తున్న బావ మోకాళ్ల మీద చేతులు ఊని లేచాడు.

“ఏమైంది బావా?”

“ఏం కాలేదు. నువ్వు కుడి అంటే ఇది ఎడమంటోంది. అచ్చం మీ అక్కే.”

అక్క టీ గ్లాసులతో అప్పటికే షెడ్డు గుమ్మంలో ఉంది. “నన్నెందుకు మధ్యలోకి లాగుతావు? ఏడాదిగా ఇద్దరూ కలిసి బిగించారు. ఒక్కడు చేస్తే ఇంత తప్పు వచ్చేది కాదు” అంది.

తప్పు ఎక్కడుందో తెలియడానికి టీ తాగినంత సేపు పట్టింది. స్టీరింగు తిప్పితే పక్కలకు జరిగి చక్రాలను తిప్పే గొట్టాన్ని రాక్ అంటారు. వాళ్లు కొన్న పాత కారులో అది ముందు ఇరుసుకు వెనక ఉండేది. పెడల్స్‌కు చోటు చాలడం లేదని ఇద్దరూ దాన్ని ఇరుసుకు ముందుకు జరిపారు. జరిపితే దిశ తారుమారవుతుందని ఇద్దరికీ తట్టలేదు. బావ ముప్పయ్యేళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. మేస్త్రి అదే డిపోలో బస్సు సీట్లు కుడుతున్నాడు. స్టీరింగు చేతిలో ఎలా ఉంటుందో ఒకరికి తెలుసు, సీటు నడుముకు ఎలా ఉంటుందో రెండోవారికి తెలుసు. మధ్యలో ఏముందో ఎవరూ చూడలేదు.

“స్టీరింగు రెండో పక్కన ఉండే బండి రాక్ తెచ్చి, వెనక్కి తిప్పి బిగించాలి” అన్నాడు మేస్త్రి, కారు కింద నుంచి.

“టాంకు సంగతి కూడా ఇవాళే తేల్చండి. ఆలూ లేదు చూలూ లేదు, హెల్మెట్లు మాత్రం రెండు కొన్నారు” అంది అక్క.

టాంకు సంగతి రెండు నెలలుగా తేలలేదు. వాళ్లు కారు కడుతున్నది ఊరి బయట మైదానంలో ఏటా జరిగే కార్ల పోటీ కోసం. అది రెండు గంటలు సాగుతుంది. సొంతంగా కారు కట్టుకున్న ఎవరైనా పాల్గొనవచ్చు. పెట్రోలుకు తప్ప మధ్యలో ఆగకూడదు. ఆగినప్పుడు మాత్రమే డ్రైవరు మారవచ్చు. పెద్ద టాంకు పెడితే ఆగనక్కర్లేదు, అంటే డ్రైవరు ఒక్కడే. చిన్నది పెడితే సగంలో ఆగాలి, అప్పుడు రెండోవాడు ఎక్కుతాడు. ఆ ఒక్కడు ఎవరో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

మేస్త్రి డిపోకు మొదట డ్రైవరు పనికే వచ్చాడు. గోడకు గీసిన గీత కింద వచ్చినవాళ్లను నిలబెట్టి చూశారు. అతని తల గీతకు రెండు వేళ్లు కింద ఆగింది. మడమలు ఎత్తాడు. కొలిచే మనిషి కిందికి చూసి, “కుట్టుపని వచ్చా?” అని అడిగాడు. వచ్చు. అతని తండ్రి గుడారాలు కుట్టేవాడు. వరసలో అతని వెనక నిలబడినవాడు గీత దాటాడు, బస్సెక్కాడు, తర్వాత అతని అక్కను చేసుకున్నాడు.

అప్పటి నుంచి డిపోలో చిరిగిన ప్రతి సీటూ అతని చేతికే వచ్చింది. డ్రైవరు సీటు బాగుచేసిన రోజున దాన్ని బస్సులో బిగించి, కాసేపు కూర్చుని చూసేవాడు. ఇంజను ఆపి ఉండేది. చేతులు స్టీరింగు మీద ఉండేవి. దారినపోయే డ్రైవర్లు “మేస్త్రీ, ఎందాకా?” అనేవారు. “గేటు దాకా” అనేవాడు. లైసెన్సు ఉంది, గడువు తీరకుండా చూసుకుంటాడు. బండి ఎప్పుడూ కొనలేదు. అక్కా వాళ్ల ఇంటి వెనక గదిలో ఉంటాడు. సంబంధాలు వచ్చిన రోజుల్లో తర్వాత చూద్దామన్నాడు. తర్వాత సంబంధాలు రాలేదు.

ఎనిమిదింటికి ఇద్దరూ పాతసామాను దుకాణానికి వెళ్లారు. పోటీలు మానుకున్నవాళ్ల కార్లు విప్పి అమ్మే దుకాణం అది. నడిపే ఆవిడకు వీళ్లు పాత బేరం.

“మళ్లీ వచ్చారా? ఇంతకూ కారు కడుతున్నారా, కాపురం పెడుతున్నారా?” అంది.

“స్టీరింగు తిరగబడింది” అన్నాడు బావ.

“ఇరుసుకు ముందు పెట్టారా?”

ఆవిడ నవ్వుతూ లోపలికి వెళ్లి రెండు రాక్‌లు తెచ్చి బల్ల మీద పడేసింది. ఒకటి వేగంది. ఈ కొస నుంచి ఆ కొసకు రెండున్నర చుట్లు తిప్పితే చాలు, కాని బరువుగా తిరుగుతుంది. రెండోది దాదాపు నాలుగు చుట్లు తీసుకుంటుంది, తేలిక.

బావ వేగందాన్ని పట్టుకున్నాడు. “మలుపుల్లో ఇదే పనికొస్తుంది.”

“తిప్పు” అన్నాడు మేస్త్రి. రాక్ కొసను రెండు చేతులతో బిగించి పట్టుకుని, చక్రం బరువంత అడ్డం పెట్టాడు. బావ కుడి చేత్తో తిప్పాడు. సగం చుట్టు దగ్గర పళ్లు బిగించాడు. బస్సు వదిలేసరికి అతని కుడి భుజం పైకి లేవడం మానేసింది.

“ఇది అయిదో రౌండుకే నిన్ను ఆసుపత్రికి తోలుకుపోతుంది. తేలికది తీసుకో బావా.”

“నువ్వు నా బామ్మర్దివా, మా డాక్టరువా?”

“ఎవరినైనా సరే, తేలికది తీసుకో.”

“సరే. రాక్ నీ మాట. టాంకు నా మాట.” బావ పక్కకు తిరిగాడు. “సరే, నువ్వేమంటావో అది కూడా చెప్పు.”

టాంకులు గోడ వారగా ఉన్నాయి. రెండూ అల్యూమినియంవే. మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకు పోగుపడకుండా రెండింటి లోపలా అడ్డుపలకలు ఉన్నాయి. మేస్త్రి చిన్నదాన్ని ఎత్తి చెవి దగ్గర ఊపి చూశాడు. పలకలు కదల్లేదు. కింద పెట్టాడు. చెయ్యి దాని మూత మీదే ఉంచాడు.

“పెద్దది తీసుకో అన్నా” అంది దుకాణం ఆవిడ. “ఆగే బాధ ఉండదు. ఆగినవాళ్లు గెలవగా నేను చూడలేదు.”

“చెప్పు” అన్నాడు బావ.

“పెద్దదే” అన్నాడు మేస్త్రి. “ఆగితే వెనకబడతాం.”

“నడిపేది?”

“నువ్వే కదా బావా.”

బావ అతని ముఖంలోకి చూశాడు. తర్వాత మూత మీద ఉన్న చెయ్యి వంక చూశాడు. “డ్యూటీకి పో. సామాను నేను తోలిస్తాను” అన్నాడు.

మేస్త్రి బస్టాపు దాకా నడిచాడు. బస్సులో కిటికీ పక్క చోటు ఉన్నా, డ్రైవరు వెనక సీటు ఖాళీ అయ్యేదాకా నిలబడి, అందులో కూర్చున్నాడు. డ్రైవరు కుర్రవాడు. మలుపులో స్టీరింగును చేతి మీద చెయ్యి వేసి తిప్పుతున్నాడు. మేస్త్రి దిగేదాకా ఆ చేతుల్నే చూశాడు.

డిపోలో ఆ రోజు మూడు సీట్లు వచ్చాయి. ఒకటి బ్లేడుతో కోసింది, ఒకటి స్ప్రింగు బయటికి వచ్చింది, మూడోది డ్రైవరుది. మధ్యాహ్నం భోజనం డబ్బాలో సగం వదిలేశాడు. డిపో ఊడ్చే ఆవిడ అడిగితే ఎడమ చెయ్యి లాగుతోందని, రాక్ పట్టుకున్నందుకు అయి ఉంటుందని చెప్పాడు.

మూడు దాటాక అక్క ఫోన్ చేసింది.

“ఒరే, మీ బావ తెచ్చిన డబ్బా చూశావా? చంటిపిల్లకు స్నానం చేయించే బకెట్టంత ఉంది.”

మేస్త్రి మిషను మీద నుంచి కాలు తీశాడు.

“వింటున్నావా?”

“పెద్దది కదా తీసుకోమన్నాను.”

“నీ మాట ఎప్పుడైనా విన్నాడా? నా మాటే వినడు. ఇదిగో, మాట్లాడు.”

ఫోన్ చేతులు మారింది. “నా భుజం సగం దాకానే వస్తుందిరా” అన్నాడు బావ. “తర్వాత నువ్వే ఎక్కాలి.”

“తేలిక రాక్‌నే కదా తీసుకున్నాం బావా. భుజానికి ఏం కాదు.”

బావ ఆ మాట పట్టించుకోలేదు.

“సీటు నా కొలతకు కుట్టావు. అందులో నువ్వు కూర్చుంటే కాళ్లు పెడల్‌కు అందవు. వీపు వెనక పెట్టుకోవడానికి దిండొకటి కుట్టుకో. నేను దిగగానే చటుక్కున బిగించేలా ఉండాలి. పట్టీలు పెట్టు.”

“బావా...”

“డ్యూటీలో ఫోన్లేంటి? పెట్టెయ్.”

మేస్త్రి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. డ్రైవరు సీటు పని మిగిలి ఉంది. అది ముందు పూర్తి చేశాడు. దాన్ని బస్సులో బిగించాడు. బిగించి, కూర్చుని చూడకుండానే దిగి వచ్చాడు. ఊడ్చే ఆవిడకు అది గుర్తుంది.

“ఇవాళ గేటు దాకా కూడా వెళ్లలేదేం మేస్త్రీ?” అని ఆవిడ అడిగింది.

“వచ్చే నెల వెళ్తున్నాను. గేటు అవతలికే” అన్నాడు.

తర్వాత గోడకు ఆని నిలబడి, టేపు వీపు వెనక్కి వేసుకుని తన కొలత తానే తీసుకోవడానికి చూశాడు. కుదరలేదు. ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి టేపు కొస పట్టుకుంది. ఇన్నేళ్లలో ఆయన తన కోసం ఏదైనా కుట్టుకోవడం చూడలేదని ఆవిడ తర్వాత అక్కతో చెప్పింది. గట్టి స్పాంజి ముక్క కోశాడు. దానికి నల్ల రెక్సిన్ కత్తిరించాడు. రెండు పట్టీలు ముందే కుట్టి, వాటికి బకిల్స్ వేసి, ఒంటి చేత్తో పెట్టి తీసి చూశాడు. గట్టిగా పట్టాయి. మూడు వైపులా కుట్టాడు. స్పాంజి లోపలికి దూర్చి, నాలుగో వైపు అంచులు కలిపి గుండుసూదులు గుచ్చాడు.

నాలుగున్నరకు కాసిని నీళ్లు తెచ్చిపెట్టమని ఊడ్చే ఆవిడను అడిగాడు. ఆవిడ గ్లాసుతో వచ్చేసరికి తల మిషను మీద ఆనించి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుంది. “మేస్త్రీ” అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి భుజం పట్టుకుంది.

ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదని డాక్టరు చెప్పాడు. గుండె అన్నాడు. అక్క వచ్చింది. బావ షెడ్డులో పనిచేస్తున్న బట్టలతోనే వచ్చాడు. డిపోవాళ్లు మేస్త్రి సామాను ఒక సంచిలో వేసి ఇచ్చారు.

పోటీ తర్వాతి నెల మొదటి ఆదివారం జరిగింది. బావ వద్దన్నాడు. “రెండు హెల్మెట్లు కొని ఇంట్లో పెట్టుకుంటామా?” అని అక్క అంది. ఆ తర్వాత ఆ మాట ఇంట్లో రాలేదు. బావ రాక్ తిప్పి బిగించాడు. కుడికి తిప్పితే చక్రాలు కుడికి తిరిగాయి.

ఆ ఆదివారం అతను గంటకు పైగా నడిపాడు. భుజం ఇబ్బంది పెట్టలేదు. పెట్రోలు అడుగంటగానే కారు పక్కకు తెచ్చి ఆపి, దిగాడు. టాంకు నింపారు. నిర్వాహకుల్లో ఒకతను కాగితాల అట్టతో వచ్చాడు.

“రెండో డ్రైవరు ఎవరండీ?”

“మా బామ్మర్ది.”

“ఎక్కడున్నారు?”

బావ అక్క చేతిలోని సంచి అందుకున్నాడు. అందులోంచి దిండు తీసి, సీటులో వీపు వైపు ఆనించి, రెండు పట్టీలూ బిగించాడు. తన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. అడిగినతను దిండు వంక చూసి, పక్క కారు దగ్గరికి వెళ్లాడు.

మిగతా కార్లు తిరుగుతూనే ఉన్నాయి. పోటీ ముగిసినట్టు జెండా ఊపేదాకా అక్కా బావా కారు పక్కనే నిలబడ్డారు. కారు అక్కడి నుంచి కదలలేదు. టాంకు నిండుగా ఉంది. దిండు సీటులో ఉంది, మూడు వైపులా కుట్టు, నాలుగో వైపు గుండుసూదులు.