మంచానికి మట్టం

ఆ పొద్దున ఆకాశం కురవలేదు, విచ్చుకోనూ లేదు. మబ్బు ఇళ్ళ కప్పుల మీదికి దిగి అలాగే నిలిచిపోయింది. నాన్న కుర్చీలోనే కునికిపాట్లు పడుతున్నాడు. పడుకుంటే తిన్నది గొంతులోకి ఎగదన్నుతోందని, ఛాతీ మండుతోందని ఆయన మంచం మీద పడుకోవడం మానేసి చాలా రోజులైంది.

ఆ రోజే చూపించాం. డాక్టరమ్మ పరగడుపున వేసుకోమని మాత్రలు రాసింది. మోకాళ్ళ నొప్పికి ఆయన సొంతంగా కొనుక్కుంటున్న బిళ్ళలు ఆపమంది. మంచం తలవైపు కాళ్ళ కింద ఎత్తు పెట్టమంది. చివర్లో, "రాత్రి భోజనం పొద్దుగూకేసరికే అయిపోవాలి తాతగారూ," అంది.

దానికి మాత్రం నాన్న తల ఊపలేదు.

మేమిద్దరం వడ్రంగులం. ఆయన పని మానేశాడు, నేను చేస్తున్నాను. దుకాణం కట్టేసి ఇల్లు చేరేసరికి బాగా చీకటి పడుతుంది. అప్పటిదాకా ఆయన తినడు. అమ్మ పోయాక ఒక్కడే కంచం ముందు కూర్చోవడం ఆయన వల్ల కాలేదు.

చెక్కదిమ్మలు కోసి తలవైపు పెట్టాను. వారమైనా మంట తగ్గలేదు. ఆదివారం గది ఊడుస్తూ మా ఆవిడ కేకేసింది. మంచం నాలుగు కాళ్ళ కిందా దిమ్మలున్నాయి.

"ఇదేంటి నాన్నా?"

"వాలుగా ఉందిరా. రసమట్టం పెట్టి చూశాను, బుడగ నడిమికి రావట్లేదు. చూస్తూ చూస్తూ ఎలా ఊరుకోను?"

"మంచానికి మట్టం కుదిరింది మామయ్యా, మీ కడుపుకే కుదర్లేదు," అంది మా ఆవిడ.

ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వుతో దగ్గు, దగ్గుతో పులితేన్పు. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"కాళ్ళవైపువి తీసెయ్. మాత్రలూ వేళకి వేసుకుంటాను. పొద్దుండగానే ఒక్కణ్ణే తినమని మాత్రం అనకండి. ముద్ద దిగదు."

"నేను పక్కన కూర్చుంటాగా మామయ్యా?"

"కూర్చుంటావమ్మా. తింటావా? వాడొచ్చిందాకా నువ్వూ తినవు."

ఆమె నా వైపు చూసింది.

నాకు బేరాలు తగిలేది సాయంత్రాలే. మర్నాడు సాయంత్రం ఒకాయన గుమ్మంలో ఉండగానే షట్టరు దించాను.

"అప్పుడే కట్టేస్తున్నావేం మేస్త్రీ?"

"ఇకమీదట పొద్దున్నే రండి."

"పొద్దున్నే నాకు మాత్రం పని ఉండదా?" అని గొణుక్కుంటూ వెళ్ళాడు. మళ్ళీ వస్తాడో రాడో.

ఇంటికి వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. ఆకలి లేదు, ఒళ్ళు మాత్రం అలిసిపోయింది. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాను. మా ఆవిడ మూడు కంచాలు పెట్టింది. నాన్న కిటికీ వంక చూశాడు, నా వంక చూశాడు. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగాడు.

ముగ్గురం కలిసి తిన్నాం.