కింద నుంచి వచ్చే చలి

మగపిల్లల బడి నుంచి ఏటా పుష్యమాసంలో గండికోటకు వెళ్తారు. జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడి నుంచి కాలినడక, కోటలో రెండు రాత్రులు మకాం. పోయినేడు ముగ్గురు పిల్లలు జ్వరంతో ఎద్దులబండిలో దిగారు. దాన్నెవరూ తప్పు పట్టలేదు. మగపిల్లలు కదా, రాటుదేలతారన్నారు. మా ప్రొద్దుటూరు ఆడపిల్లల బడి నుంచి పన్నెండు మందిని తీసుకెళ్తానని నేనడిగేసరికి మాత్రం అందరికీ చలి గుర్తొచ్చింది.

నేను ఆ బడిలో డ్రిల్లు టీచర్ని, నిర్మలమ్మను. నా నోరు మంచిది కాదని బడిలో చెప్పుకుంటారు. ఇది యాభై తొమ్మిది జనవరి నాటి మాట.

బడి కమిటీ ప్రెసిడెంటు ఆదినారాయణ గారు. పులివెందుల పక్క పొలాలున్న ఆసామి. ఆయన సరేననందే బడిలో సుద్దముక్క కూడా కొనరు. ఆయన నా అర్జీ చదివి, మడిచి, బల్ల మీద పెట్టారు.

"పోండమ్మా, నేను వద్దంటాండానా? కానీ ఒగ మాట. తిరిగొచ్చినాక ఒక్కరు దగ్గినా ఈ బడిలో ఇంగ ఆ ఊసు ఎత్తగూడదు. ఈ యేడే కాదు, ఎప్పటికీ."

"అట్లాగే కానివ్వండి" అన్నాను. కోపంలో అన్నాను. బయటికొచ్చాక గాని ఏం చేశానో తెలియలేదు. పన్నెండు మంది గొంతుల మీద రాబోయే పిల్లలందరి దారినీ పందెం కాసి వచ్చాను మరి.

కోటలో పాత ధాన్యపు కొట్టు ఉంది. గాలికి అడ్డమే గాని నేలంతా బండలు. మందంగా దూది పరుపులు కుట్టిస్తే సరిపోతుందనుకుని ఖాజాబీ ఇంటికి వెళ్ళాను. ఆమె, ఆమె మొగుడు పీర్ సాహెబ్ విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. వాళ్ళ కూతురు జరీనా నా పన్నెండు మందిలో ఒకతె.

"దూది పరుపులా? కుట్టను" అంది ఖాజాబీ.

"అడిగింది కుట్టడానికి నీకేం నొప్పి?"

"నా బిడ్డ కూడా వస్తాది కదమ్మా, అందుకే. సలి పైనుంచి వస్తాదని అందురూ దుప్పట్లు మోస్తారు. బండ మీద పండుకుంటే సలి కిందనుంచి వస్తాది. దూది మీద మనిషి పడితే అణిగి అప్పడమైపోతాది. తేమ తాగినాదంటే తడిగుడ్డ మీద పండుకున్నట్టే. దూది కప్పుకునేదానికమ్మా, కింద పరిసేదానికి కాదు."

నేను నమ్మలేదు. ఆమె వాదించలేదు. మరునాడు కోళ్ళు కూసేవేళకు రమ్మంది. వెళ్తే, వీధి గడప ముందున్న బండ మీద ఒక దూది బొంత, దాని పక్కన గొర్రెబొచ్చు కూరిన గోనెసంచి పరిచి ఉన్నాయి. రెండింటి మీదా కాసేపు పండుకోమంది. పాలకు పోయేవాళ్ళు ఆగి చూశారు. బడి టీచరు బజార్లో వెల్లకిలా పడుకోవడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. చూస్తే చూడనీ అనుకున్నాను. కొంతసేపటికి బొంత మీద నడుము జివ్వున లాగింది. గోనెసంచి కంపు కొట్టింది, గుచ్చుకుంది, కానీ దాని మీద నుంచి లేవబుద్ధి కాలేదు.

"మెత్తగా ఉందా అని చూడొద్దు" అంది ఖాజాబీ. "మోకాలేసి గట్టిగా నొక్కు. బండ తగిలిందా, అది పనికిరాదు."

కంబళ్ళు నేసేవాళ్ళు పారేసే పొట్టి బొచ్చు పులివెందుల నుంచి తెప్పించాం. నాలుగు నీళ్ళలో ఉతికి ఆరబెట్టాం. ఇంక ఏకాలి. అక్కడ పీర్ సాహెబ్ అడ్డం తిరిగాడు.

"మా తాత పట్టిన విల్లు ఇది. దూదికి తప్ప దేనికీ తగల్లేదు. బొచ్చు చుట్టుకుంటే నారి తెగుతాది. మనోళ్ళందురూ నవ్వుతారు."

"తెగితే ఇంగొగటి కడతా. నవ్వితే పండ్లు కనపడతాయి, అంతే కదా" అని ఖాజాబీ విల్లు అందుకుంది.

నారి రెండుసార్లు తెగింది. రెండుసార్లూ కట్టింది. మూడోసారి పీర్ సాహెబే వచ్చి, తిట్టుకుంటూ, ఇంకా బిగువుగా కట్టిచ్చాడు. పన్నెండు మంది పిల్లలు, నేను, మొత్తం పదమూడు పరుపులు. నిలువెత్తున వద్దంది ఖాజాబీ. భుజం నుంచి మోకాలి దాకా చాలు, కాళ్ళ కింద బట్టల సంచి పెట్టుకోవచ్చు, మోత తగ్గుతుంది. బొచ్చు ఒకచోటికి జరక్కుండా జానెడుకొక ముడి వేసింది. పండుకునే ముందు పరుపు చుట్ట విప్పి దులపాలని, అది పొంగేదాకా ఎవరూ ఒరగకూడదని పిల్లలకు వరసగా అప్పజెప్పించింది.

బయలుదేరే రోజు బస్టాండులో ఇంకో పిల్ల నిలబడి ఉంది. ఆదినారాయణ గారి పెద్ద కూతురు వసంత, తొమ్మిదో తరగతి.

"మా నాయన పులివెందులకు పోయినాడు టీచర్. అడిగితే వద్దంటాడని అడగలేదు."

"మరి ఇంట్లో?"

"మాయమ్మే సద్ది కట్టిచ్చింది."

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆయన రచ్చ ఒక్కటే గెలిచారని నాకప్పుడు తెలిసింది. వెనక్కి పంపడం నా ధర్మం. ఆ పిల్ల మొహం చూశాక ధర్మం నోటికి రాలేదు. "ఎక్కు" అన్నాను.

కోటలో నా పరుపు వసంతకిచ్చాను. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న దూది బొంత సగం కింద పరిచి, సగం కప్పుకున్నాను. పిల్లలు రెండు రాత్రులూ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయారు. పొద్దున పెన్న లోయ అంచున నిలబడి, అవతలి కొండ మారుపలికేదాకా పాటలు పాడారు. ఖాజాబీ చెప్పిన ప్రతి మాటా నా వీపుకు అర్థమైంది. రెండో రోజు పొద్దుటికి నా బొంత చెమ్మగిల్లింది.

సోమవారం ప్రార్థన వేళకు ఆదినారాయణ గారు వచ్చారు. పన్నెండు మందినీ వరసగా నిలబెట్టి, గొంతు వినాలని ఒక్కొక్కరినీ ఎక్కం చెప్పమన్నారు. జరీనా పదమూడో ఎక్కం అందుకుని ఆపకుండా చెప్పింది. ఒక్క గొంతూ బొంగురుపోలేదు. ఆయన తల ఊపి వెనక్కి తిరిగారు. అప్పుడు నాకు దగ్గొచ్చింది. పొద్దుటి నుంచి మింగుతున్నదే, ఇంక ఆగలేదు.

"ఏమ్మా, ఏంది ఆ దగ్గు? నేను ఒక్కరు దగ్గినా అంటిని, పిల్లలని అనలేదు. పెద్దదానివి, నువ్వే తట్టుకోలేకపోతివి. ఇంగ సాలు."

"అయ్యా, టీచరు పరుపు మీద పండుకోలేదు" అంది జరీనా. "దూది బొంత మీద పండుకున్నారు. పరుపు మీద పండుకున్నోళ్ళం ఎవరం దగ్గలేదు."

"పదమూడు పరుపులు కుట్టిస్తిరి. ఆమె పరుపు యాడికి పోయె?"

జరీనా నావైపు చూసింది. ఆయన నన్ను చూశారు. చెబితే దారి తెరుచుకుంటుంది, వసంతకు ఇంట్లో ఏమవుతుందో తెలీదు. చెప్పకపోతే ఈ బడి పిల్లలు మళ్ళీ గడప దాటరు. నాకు ఏడుపొచ్చింది. అంత నోరున్నదాన్ని, మూసుకునే నిలబడ్డాను.

"సరే, అయిపాయ" అని ఆయన కండువా సర్దుకున్నారు.

తొమ్మిదో తరగతి వరసలోంచి వసంత బయటికొచ్చింది. నేరుగా తండ్రి ఎదుటికి పోయి నిలబడింది.

"ఆ పరుపు మీద నేను పండుకున్నా నాయనా. రెండు రాత్రులు. దగ్గు రాలేదు, జ్వరం రాలేదు. నువ్వే సూడు."

వసంత ఆయన జవాబు కోసం ఆగలేదు. నావైపు తిరిగింది.

"టీచర్, వచ్చే యేటికి ఇంగో రెండు పరుపులు ఎక్కువ కుట్టియ్యండి. ఒగటి మీకు. ఒగటి మా చెల్లెలికి."