కళ్లు పెట్టని దిష్టిబొమ్మ

పాత ప్యాంటు కాళ్లలోకి వరిగడ్డి కూరుతుంటే నాకెప్పుడూ నిద్రలాంటి మత్తు వస్తుంది. మా ఆయన చక్రధర్ తిరుపతిలో కట్టే ప్రతి లాడ్జికీ దిష్టిబొమ్మ కుట్టేది నేనే. కాంట్రాక్టరు పెళ్లాం చేత్తో కుట్టి కళ్లు పెట్టిన బొమ్మ వేలాడితే గానీ మా కూలీలు పైకెక్కరు. మేస్త్రీకి కూలి, సెంట్రింగు వాళ్లకు కూలి. నాకు మాత్రం "మీసాలు ఇంకొంచెం పెద్దవి గీయల్ల" అనే మాట.

ఆ మత్తులో నేనే బొమ్మనై, కట్టే లాడ్జి మూడో అంతస్తు ఇనుప కమ్మీలకు వేలాడుతున్నట్టు ఉంటుంది. ఒళ్లంతా గడ్డి, ఎంత తేలికో. ఎదురుగా కొండ, కొండ మీద మబ్బు. కిందనుంచి ఆడవాళ్లు తట్టలెత్తుకుని వరసగా ఎక్కి వస్తుంటారు. అక్కడ నన్నెవరూ కాఫీ అడగరు, ఇస్త్రీ చొక్కా అడగరు. పగటికలే, కానీ నాకు భలే ఇష్టం. ఈసారి ఆ కలలోకి గంగులమ్మ వచ్చింది.

వడమాలపేట నుంచి పనికొచ్చే గంగులమ్మ మొన్న లిఫ్టు కోసం వదిలిన గుంతలో పడిపోయింది. దాని చుట్టూ అడ్డంగా ఒక్క కట్టె లేదు. ఓనరు చూడ్డానికి వస్తున్నాడని, కంటికి బాగుండదని, మా ఆయనే దాని మీద పాత ఫ్లెక్సీ కప్పించాడు. నెత్తిన ఇసుక తట్టతో వస్తూ ఆమె అది నేలే అనుకుంది. తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది.

ఇంట్లో మాత్రం తప్పు నాదైంది. "ముట్టు దినాల్లో కుట్టినావేమో సూడు. లేకుంటే ఇట్లెందుకయితాది?" అంది మా అత్త దేవకమ్మ. మా ఆయన అన్నం కలుపుతూ తల ఊపాడు. "కొత్తది కుట్టు. బొమ్మ లేకుంటే ఆడోళ్లు పైకెక్కమంటాండారు. రేపు పని మొదలుపెట్టల్ల." నాకు ఒళ్లు మండిపోయింది. నా మైల లెక్కలు తీయడానికి తీరికున్న ఈ ఇంట్లో, ఒక గుంత చుట్టూ నాలుగు కట్టెలు కట్టించే తీరిక ఎవరికీ లేకపోయింది.

కొత్త బొమ్మకు గడ్డి కూరుతుంటే, ఆ పగటికలలో గంగులమ్మ నా పక్కన కమ్మీల మీద కూర్చుని గాల్లో కాళ్లు ఊపుతోంది. "అంత పెద్ద కండ్లేసుకోని ఏం సూస్తాండావమ్మా? నేను పడేది కనపల్లేదా?" అని అడిగింది. కోపం లేదు గొంతులో. అందుకే నాకు ఏడుపొచ్చింది. బొమ్మకేం కనపడుతుంది గంగులమ్మా, చూడాల్సినవాడే గుంత మీద ఫ్లెక్సీ కప్పి పోతే?

సాయంత్రం మేస్త్రీ మునిప్రసాద్ ఫోను చేశాడు. మా ఆయన తన ఫోను నా చేతికిచ్చాడు.

"అక్కా, బొమ్మ అయిందా? పొద్దున్నే వచ్చి ఎత్తుకుపోతా."

"ఆ గుంతకు అడ్డం కట్టినారా?"

"ఇంకా లేదక్కా. అన్న చెప్తే కడతాం."

నేను మా ఆయన వైపు చూశాను. "అదంతా నీకెందుకు? నీ పని నువ్వు సూసుకో" అన్నాడు.

నిజమే. నా పని నా చేతిలోనే ఉంది. నల్లరంగు డబ్బాకు మూత బిగించాను.

"మునిప్రసాదూ, బొమ్మకు కండ్లు పెట్టలేదు. గుంత చుట్టూ గోడ లేచి, నేనొచ్చి చేత్తో తట్టి చూసేదాకా పెట్టను. ఈ మాట ఆడోళ్లందరికీ చెప్పు. అంతదాకా ఒక్కరు గూడా పైకెక్కొద్దను."

మా ఆయన ఫోను లాక్కున్నాడు. అప్పటికే అవతల మునిప్రసాద్ "సరేనక్కా" అనేశాడు.