ఎర్ర చట్రం

మేడ మీద టెలిస్కోపుకు కప్పిన గుడ్డ తీసి దులిపి, గొట్టం పొడుగునా పాత బనీను ముక్కతో తుడుస్తోంది ఆమె. రాత్రి కురిసిన మంచు గొట్టం అడుగున చుక్కలు కట్టి ఉంది. ముందువైపు పెద్ద అద్దాన్ని ముట్టుకోకూడదు. మూత మాత్రం తీసి, లోపల తడి చేరలేదని చూసి, మళ్ళీ బిగించాలి. వెనక, కెమెరా తగిలించే చోట, మోచేతిలా వంగిన చిన్న ముక్క ఒకటుంది. దాని లోపల వాలుగా ఒక అద్దం. గొట్టం ఆకాశంలోకి చూస్తుంటే మనిషి దాని కింద దూరి మెడ విరుచుకోకుండా, పక్కన హాయిగా నిలబడి చూసుకునేందుకు పెట్టిన ముక్క అది. అన్నయ్యకు మెడ వంచడం పడదు. నొప్పి అంటాడు. ఆ మెడ ఎవరి ముందైనా వంగగా ఆమె చూడలేదు, నొప్పి రాకముందు కూడా.

ఆ మోచేతి ముక్క మీద ఆమె అంటించిన చీటీ ఉంది. కెమెరా తెరలో తూర్పు ఎటో తెలియక అన్నయ్య మేడెక్కినప్పుడల్లా ఇల్లు పీకి పందిరేస్తుంటే, తను పనిచేసే ఫోటో స్టూడియోలో పాడైన ఫోటో ఒకటి తెచ్చి, అంచు కత్తిరించి, తెల్లగా ఉన్నచోట ‘తూర్పు’ అని రాసి బాణం గీసింది. పక్కన ఎవరిదో సగం చెవి మిగిలిపోయింది.

"తుడిచావా, దాంతో కబుర్లాడుతున్నావా?" కింద నుంచి అన్నయ్య.

"తుడిచాను."

"సాయంత్రం చంద్రుణ్ణి తియ్యాలి. నీ పెట్టె మళ్ళీ తిక్క చేసిందంటే ఊరుకోను."

నీ పెట్టె అంటే ఆమె రాసిన ప్లగిన్. కంప్యూటర్లో ఆకాశమంతా పరిచి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎవరిదీ కాదు, అందరిదీ. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, చేతనైతే లోపల చెయ్యి పెట్టి బాగుచెయ్యవచ్చు. అన్నయ్య టెలిస్కోపు కొన్న కొత్తలో ప్రతి ఫోటోలోనూ చంద్రుడు సగానికి తెగి పడేవాడు. ఆ కోపం వదిన మీదికి, వదిన కోపం ఆమె మీదికి వచ్చేది. స్టూడియోలో బేరం లేని వేళల్లో తనంతట తాను నేర్చుకున్న ప్రోగ్రామింగుతో ఆమె ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక ముక్క అతికించింది. ఫలానా టెలిస్కోపు, ఫలానా కెమెరా అని చెబితే, ఆకాశంలో ఎంత మేర ఫోటోలో పడుతుందో నక్షత్రాల మీద ఎర్ర చట్రం గీసి చూపిస్తుంది. కెమెరాను తిప్పి ఎన్ని డిగ్రీలో చెబితే చట్రం కూడా తిరుగుతుంది. చంద్రుడు తెగడం మానేశాడు. అన్నయ్య అరవడానికి వేరే కారణాలు వెతుక్కున్నాడు. ఆమె ఆ ముక్కను సాఫ్ట్‌వేర్ వాళ్ళకు పంపితే వాళ్ళు పుచ్చుకున్నారు. ఎక్కడెక్కడి వాళ్ళో వాడుతున్నారు. ఇంటికొచ్చిన వాళ్ళతో అన్నయ్య మాత్రం, మా చెల్లి కంప్యూటర్లో గళ్ళు గీసుకుంటూ ఉంటుంది, పాపం వేరే వ్యాపకం లేదు, అని చెబుతాడు.

స్టూడియో వెనక సందులో ఉద్యోగినుల హాస్టల్ ఉంది. కిటికీ పక్క మంచం చూసి వచ్చింది కూడా. ఎప్పుడొస్తావని వార్డెన్ అడిగితే, చిన్న పని ఉంది, అది కాగానే, అంది. పని ఏమిటంటే ఇదే. చట్రం సరిగా పడుతోందో లేదో చూడాలంటే టెలిస్కోపు కావాలి, టెలిస్కోపు ఈ మేడ మీద ఉంది. ఆ సంగతి అన్నయ్యకు బాగా తెలుసు. ఆమె ఎప్పుడు నోరు తెరిచినా, "నా గొట్టం లేకపోతే నీ పెట్టె దేనికే, ఉప్పు పోసుకోవడానికా?" అనేవాడు. మంచం ఇంకెవరికో పోయింది, మళ్ళీ ఖాళీ అయింది.

స్టూడియోకు నడుస్తూ, ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు మంచిచెడ్డలు రాసుకునే ఫోరం ఫోన్లో తెరిచింది. గద్దకన్ను అని పేరు పెట్టుకున్న ఒకడు నెలల తరబడి వెంటబడుతున్నాడు. కెమెరాను కుడికి తిప్పితే నీ చట్రం ఎడమకు తిరుగుతోంది అంటాడు. ఆమె ప్రతిసారీ మేడెక్కి చూసింది. చక్కగా సరిపోయేది. కెమెరా పట్టుకోవడం నేర్చుకుని రండి అని ఒకసారి ఘాటుగానే రాసింది. సరిపోతోందని ఇద్దరు ముగ్గురు ఆమె పక్షం వచ్చారు, లేదని పదిమంది అతని పక్షం చేరారు. ఈ రోజు గద్దకన్ను కొత్తగా ఏమీ అనలేదు. అన్నది సాఫ్ట్‌వేర్ బాధ్యత చూసే పెద్దమనిషి. సాయంత్రం కొత్త వెర్షన్ విడుదల చేస్తున్నాం, ఈలోగా ఈ కోణం గొడవ తేలకపోతే మీ ప్లగిన్ తీసేస్తాం, అని రెండే వాక్యాలు రాశాడు. రెండోసారి చదువుతూ ఆమె ఒక సైకిలుకు అడ్డం పోయి తిట్లు తింది.

స్టూడియోలో ఆమె పని మొహాలకు చట్రం వెయ్యడం. పాస్‌పోర్ట్ ఫోటోల్లో గడ్డం ఎంత, నుదురు ఎంత, రెండు చెవులూ కనిపించాలి. యజమానికి ఫ్లాషు అని పేరు. వచ్చిన వాళ్ళందరినీ నవ్వమంటాడు, తను మాత్రం నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆలస్యమైందని అతను గోడ గడియారానికి చెప్పాడు, ఆమెకు వినబడేలా.

మధ్యాహ్నం కావస్తుండగా ఒక నడివయసు ఆవిడ తన ఫోటోలు తెచ్చి బల్ల మీద పడేసింది.

"ఇది నా మొహమేనా? మూతి ఇటు వంకర పోయింది. పాపిడి కూడా అటుది ఇటు పెట్టారు."

"మీ మొహమేనండీ," అంది ఆమె కంప్యూటర్ నుంచి తల ఎత్తకుండా.

"నలభై ఏళ్ళుగా చూసుకుంటున్నా. నా మొహం నాకు తెలీదా?"

ఈ మాట రోజుకు ఒకరైనా అంటారు. జవాబు ఆమెకు కంఠతా వచ్చు. "మీకు తెలిసింది అద్దంలో మొహమండీ. అద్దంలో కుడి ఎడమవుతుంది. ఇన్నేళ్ళూ దాన్నే చూశారు కాబట్టి అదే నిజమనుకుని..."

అక్కడ ఆగిపోయింది.

"అనుకుని? ఏంటమ్మా, సగంలో మింగేశావ్?"

ఆమెకు ఆవిడ మాట వినబడలేదు. కళ్ళ ముందు మోచేతి ముక్క కదులుతోంది, లోపల వాలుగా ఉన్న అద్దంతో సహా. ఫోటోలు తీసేవాళ్ళు చాలామంది ఆ ముక్క పీకేసి కెమెరాను గొట్టానికి తిన్నగా బిగిస్తారని ఎక్కడో చదివింది. చదివి వదిలేసింది. ఆమె ఎరిగిన టెలిస్కోపు ఒక్కటే, చట్రాన్ని సరిచూసుకున్నదీ ఆ అద్దంలోంచే.

అన్నం వేళకు ఫ్లాషు చెయ్యి కడుక్కోవడానికి పోగానే, స్టూడియో కెమెరాను స్టాండుతో సహా గుమ్మం దగ్గరికి జరిపి, ఎదురుగా దర్జీ కొట్టు బోర్డు మీదికి తిప్పింది. కెమెరాను కుడికి ఒరిగించింది. బోర్డు మీద అది పట్టిన మేర కూడా కుడికే ఒరిగింది. తర్వాత కెమెరాను పక్కకు తిప్పి, ఫోటోకు వచ్చినవాళ్ళు తల దువ్వుకునే చేతి అద్దం తెచ్చి దాని ముందు వాలుగా పెట్టి, అద్దంలోంచి ఆ బోర్డునే చూస్తూ మళ్ళీ కుడికి ఒరిగించింది. ఈసారి ఎడమకు పోయింది. అద్దం తీసింది, పెట్టింది, తీసింది.

"కెమెరాకి అద్దం చూపిస్తున్నావేంటి? పౌడర్ రాసుకుంటుందా?" ఫ్లాషు వెనక నిలబడి ఉన్నాడు.

ఆమె అన్నం డబ్బా మూత తీయకుండానే పక్కన పెట్టి, తన లాప్‌టాప్ తెరిచింది. మార్చాల్సింది ఒక్క మైనస్ గుర్తు. దానికోసం ఇన్నాళ్ళు ఆ మేడ మెట్లెక్కి దిగింది, ఇన్ని మాటలు పడింది. కోపంలో ఆ ఒక్క గుర్తునూ రెండుసార్లు తప్పు కొట్టింది. మోచేతి ముక్క వాడేవాళ్ళ కోసం, ‘మధ్యలో అద్దం ఉంది’ అని ఒక చిన్న గడి కూడా పెట్టింది. టిక్కు పెట్టుకుంటే వాళ్ళకూ సరిపోతుంది. అంతా పంపి, గద్దకన్ను చెప్పిందే నిజం, తప్పు నాది అని ఫోరంలో రాసింది.

గద్దకన్ను జవాబు వెంటనే వచ్చింది. "సంతోషం. ఇన్నాళ్ళూ ఏ కళ్ళులేనివాడి టెలిస్కోపులో చూశావు?"

"మా అన్నయ్యది," అని కొట్టి పంపించింది.

సాయంత్రానికి పెద్దమనిషి నుంచి ఒక్క మాట వచ్చింది: చేర్చాం. మెచ్చుకోలు ఏమీ లేదు. హాస్టల్ గుమ్మం దగ్గర ఆగి వార్డెన్‌తో మాట్లాడి, అప్పుడు ఇంటికి వెళ్ళింది.

బట్టలు ఒక సంచిలో పట్టాయి. సంచి జిప్పు లాగుతుండగా మేడ మీద నుంచి కేక వినబడింది. ఇంకా వెలుగు పోలేదు, ఎదురింటి నీళ్ళ ట్యాంకు పైన చంద్రుడు పాలిపోయి ఉన్నాడు. అన్నయ్య కొత్త వెర్షన్ ఎక్కించుకుని, టెలిస్కోపు పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు.

"ఏం చేశావే దీన్ని? నేనిటు తిప్పితే అదటు పోతోంది."

"ఆ అద్దం ముక్క తీసెయ్యి అన్నయ్యా. సరిపోతుంది."

"తీస్తే కిందికి వంగి చూడాలి."

"వంగాలి."

అతను ఆమె వైపు తిరిగాడు. మెడ ఒక్కటే తిప్పడం రాదు కాబట్టి మనిషి మొత్తం తిరిగాడు. "పొగరెక్కిందేం? రేపట్నుంచి నా టెలిస్కోపు మీద చెయ్యి వేస్తే చూడు."

"సరే," అంది.

ఆ మాటకు అతను సిద్ధంగా లేడు. గడిలో టిక్కు పెట్టుకుంటే చాలన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. గడి ఎదురుగానే ఉంది. చదువుకున్నవాడే.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే వదిన వంటింట్లోంచి వచ్చి సంచి వైపు చూసింది.

"ఎక్కడికి?"

"హాస్టల్‌కి వదినా."

"ముందే చెప్తే ఒక గ్లాసు బియ్యం తక్కువ పోసేదాన్నిగా." గరిటె చేతిలోనే ఉంది. దాన్ని కొంగుకు తుడిచి, మళ్ళీ చూసుకుని, "మళ్ళీ ఎప్పుడు?" అంది.

ఆమె చెప్పు పట్టీ సర్దుకుంది. "రాత్రి మంచు పడుతుంది. పైన గుడ్డ కప్పండి."

"నేనా? ఆ గొట్టం జోలికి నేను పోను. ఆయన్నే కప్పుకోమను."

ఆమె గేటు తీసుకుని, చప్పుడు కాకుండా మళ్ళీ వేసి, వీధిలోకి నడిచింది. వెనక్కి పిలిచినవాళ్ళు లేరు. మేడ మీద అన్నయ్య ఇంకొంచెంసేపు కెమెరాను అటూ ఇటూ తిప్పి, ఎవరినో తిట్టి, కిందికి దిగి అన్నం తిన్నాడు.

ఆ రాత్రి టెలిస్కోపుకు ఎవరూ గుడ్డ కప్పలేదు. మోచేతి ముక్క మీది చీటీ మంచుకు తడిసి ఒక మూల పైకి లేచింది, సగం చెవి పక్కన బాణం మాత్రం ఇంకా ఆ తూర్పునే చూపిస్తోంది.