మాసయ్య వంకర సాళ్లు

మాసయ్య చేలో సాళ్లు వంకర పోయాయన్న కబురు ఖిల్లా ఘణపూర్ టీకొట్టు దాకా చేరడానికి ఒక్క పూట పట్టలేదు. చేరదా మరి! నలభై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఎవరి చేలో ఎడ్ల గొర్రుతో విత్తినా ముందు సాలు వేసేది మాసయ్యే. అవతలి గట్టు మీద ఒక తెల్లరాయి పెట్టించుకుని, దాని మీంచి చూపు తిప్పకుండా ఎడ్లను నడిపిస్తే సాలు దారం పట్టి గీసినట్టు వచ్చేది. మిగతావాళ్ల గొర్రులు ఆ సాలు పట్టుకుని పోయేవి. అలాంటి మనిషి ఈ మృగశిర కార్తెలో, సొంత చేలోనే, వేరుశనగ విత్తుతూ ఎటుపడితే అటు తిరిగిన సాళ్లు వేశాడు.

కొడుకు శివకుమార్‌కు తల కొట్టేసినట్టయింది. ఇంకా అరెకరం మిగిలి ఉండగానే గొర్రు ఆపించాడు. ట్రాక్టర్ మాట్లాడాడు. మొలక రాకముందే మొత్తం దున్నేసి తిన్నగా మళ్లీ విత్తిస్తానన్నాడు.

"నాయినకు కండ్లు కనవడ్తలేవు. ఇగ గొర్రు ముట్టనియ్య," అని చెల్లెలు మానసకు తెగేసి చెప్పాడు.

కళ్లకేమీ కాలేదని మాసయ్య వాదన. తప్పంతా కొత్త ఎడ్ల మీదికి నెట్టాడు. కానీ ఆ తర్వాత మూడు రోజులూ ఆయన కడుపునిండా తిన్నది లేదు. ట్రాక్టర్ ఆ చేలోకి దిగిందంటే ఊళ్లో ఇంకెవరూ తనను సాలు వేయడానికి పిలవరని ఆయనకు తెలుసు. ఆ సంగతి మానసకూ తెలుసు. తెలిసి ఏం చేయగలదు? అన్న మాటను కాదనడానికి ఆమె దగ్గర ఒక్క ఆధారం లేదు.

మానస వనపర్తిలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేస్తుంది. ముహూర్తాలు అయిపోవడంతో ఇంటికొచ్చింది. స్టూడియో నడిపే భానుప్రకాశ్, క్యాలెండర్ కోసం గుట్ట మీంచి పొలాల ఫొటో ఒకటి తెమ్మన్నాడు. ఆ మనిషికి గీతల పిచ్చి. "ఫొటోల గీత గట్టిగుండాలె. చూసేటోని కన్ను పట్టుకొని లోపటికి గుంజుకపోవాలె. రంగులు తర్వాత సంగతి," అని మూడేళ్లుగా ఆమె చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు.

నాలుగో రోజు తెల్లవారుజామున కుండపోతగా కురిసి వెలిసింది. దాంతో ట్రాక్టర్ మర్నాటికి వాయిదా పడింది. మానస కెమెరా భుజాన వేసుకుని కోట గుట్ట ఎక్కింది. సగం కూలిన బురుజు పక్కన నిలబడి కిందికి చూసింది. ట్రాక్టర్లతో విత్తిన చేలన్నీ తిన్నని గీతలుగా చెరువు వైపు దిగిపోతున్నాయి. భానుప్రకాశ్ చూస్తే ఎగిరి గంతేస్తాడు. నడి మధ్యలో మాత్రం నాన్న చేను!

ఆ ఒక్క చేను ఫొటో మొత్తాన్ని పాడుచేస్తోంది. ఎడమకు జరిగింది, కూర్చుంది, దగ్గరికి లాగి చూసింది. ఎటు తిప్పినా ఆ వంకర సాళ్లు అడ్డు వస్తూనే ఉన్నాయి. పైనుంచి చూస్తే అన్న చెప్పింది నిజమేననిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అప్పుడు మబ్బు తొలిగి ఎండ పడింది.

తిన్నని సాళ్లున్న చేలల్లో చుక్క నీరు లేదు. వాన ఆ సాళ్ల వెంటే జారిపోయి, మట్టినీ గింజలనూ ఊడ్చుకెళ్లి కింది గట్టు దగ్గర ఎర్రగా కుప్పపోసింది. మాసయ్య చేలో మాత్రం ప్రతి సాలూ ఈ కొస నుంచి ఆ కొస దాకా నీళ్లతో నిండి మెరుస్తోంది. నూనె రాసి దువ్విన తల మీద దువ్వెన జాడలు తల గుండ్రాన్ని పట్టి తిరిగినట్టు, ఆ మెరుపు గీతలన్నీ ఒకదాని పక్కన ఒకటి వంగాయి. మిట్ట వచ్చినచోట చుట్టూ తిరిగాయి, పల్లం వచ్చినచోట లోపలికి ఒదిగాయి.

మానస పుట్టినప్పటి నుంచి ఆడుకున్న చేను అది. చదునుగా ఉంటుందనే ఇన్నాళ్లూ అనుకుంది. నేలకు ఇంత అందమైన ఆకారం ఉందని, దాన్ని నాన్న గీసి పెట్టాడని ఇప్పుడు చూస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగి కాసేపు కెమెరాలో ఏమీ కనబడలేదు. తుడుచుకుని, మిగతా చేలన్నీ వదిలేసి, ఆ ఒక్క చేనునే నిండుగా పట్టింది.

దిగి వచ్చేసరికి తల్లీ, తండ్రీ, అన్నా ముగ్గురూ చేని గట్టు మీదే ఉన్నారు. శివకుమార్ ఫొటో చూశాడు. తల ఎత్తి చేను చూశాడు. పక్కవాళ్ల చేలో కొట్టుకుపోయిన మట్టిని చూశాడు.

మానస కెమెరా తండ్రి చేతిలో పెట్టింది. "నాయినా, నీ సాళ్లు ఎట్లున్నయో చూడు."

మాసయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. "మస్తుగొచ్చింది బిడ్డా. సాళ్లన్నీ సాఫ్ కనవడ్తున్నయ్," అన్నాడు.

కెమెరా తెర ఎప్పుడో ఆరిపోయి నల్లగా ఉంది. అన్నాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాయినా, బొమ్మ ఆరిపోయింది," అన్నాడు శివకుమార్ మెల్లగా.

మాసయ్య కెమెరా కిందికి దించాడు. దొరికిపోయిన మనిషి ఇంకేం దాస్తాడు? "పోయిన దసర సంది గట్టు మీది రాయి కనవడ్తలేదురా," అన్నాడు.

"మరి ఎట్ల ఏసినవ్ సాళ్లు?"

"కాళ్లతోని. బరువు వేళ్ల మీద పడ్డదంటే దిగుతున్నట్టు, మడిమ మీద పడ్డదంటే ఎక్కుతున్నట్టు. ఎటూ పడకుండ సమంగుండేటట్టు చూసుకుంట నడిచిన. నేనైతే సీదా పోతున్ననే అనుకున్న."

వెనకాలే గింజలు వేసుకుంటూ నడిచిన భార్య హన్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "వంకర పోతున్నవని నాకు తెల్సు. చెప్పనీకి నోరు రాలే," అంది.

మానస తండ్రి వేలు పట్టుకుని తడి గట్టు మీద ఆ గీతలు గీయించింది. ఇక్కడ మిట్ట, ఇక్కడ పల్లం అని చెబుతూ ఒక్కో వంపూ తిప్పింది. ఆయన వేలు మధ్యలో ఆగిపోయింది.

"గిట్లుంటదా మన చేను?" అన్నాడు, నోరు తెరుచుకుని.

శివకుమార్ ఫోన్ తీసి ట్రాక్టర్ వద్దని చెప్పేశాడు. తర్వాత చెప్పులు విడిచి, విత్తకుండా మిగిలిన అరెకరంలోకి దిగాడు. చివరి సాలు పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాడు.

"నాయినా, ఇప్పుడు ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు. బరువు ఎటు పడ్తున్నదో చెప్పు."

"వేళ్ల మీద."

"అయితే దిగుతున్నవ్. జర ఎత్తు దిక్కు తిరుగు."

ఆ తర్వాత మాసయ్య ఏమీ చెప్పలేదు. శివకుమార్ తప్పటడుగులు వేస్తూ, ఆగుతూ, కాళ్లతో వెతుక్కుంటూ ఇరవై అడుగులు నడిచాడు. మానస తడి మట్టిలో పడిన ఆ జాడలను చూసింది. పక్క సాలు ఎక్కడ వంగిందో, అన్న అడుగులూ అక్కడే వంగాయి.